ఎప్పుడు నడుస్తావ్ అని అడక్కండి!

వెన్నుపాముకి దెబ్బ తగిలితే పోయేది కాళ్లొక్కటే అనుకుంటాం. ఏ పూస దగ్గర తగిలింది, ఎంత గట్టిగా తగిలింది అన్నదాన్ని బట్టి ఊపిరి దగ్గర్నుంచి మూత్రం దాకా అన్నీ మారిపోతాయి. ఆరేళ్లుగా ఆ దెబ్బతోనే బతుకుతున్నవాడిగా చెబుతున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

ఈ ఆరేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఒక్కటే. పెళ్లిలో, బ్యాంకులో, కిరాణా కొట్టు ముందు, ఓటెయ్యడానికి వెళ్తే పోలింగ్ బూత్‌లో కూడా అదే. "ఎప్పుడు నడుస్తవ్ బిడ్డా?"

ప్రేమతోనే అడుగుతారు. నేనూ నవ్వేసి ఊరుకుంటాను. కానీ ఆ ప్రశ్నతో ఒక పెద్ద చిక్కుంది. ఆస్పత్రిలో చేరిన రోజు నుంచి ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే తిరుగుతారు. డబ్బు, టైము, ఆశ అన్నీ కాళ్ల మీదే పెడతారు. మనిషి ప్రాణం తీసేవి మాత్రం వేరే చోట ఉంటాయి. పిరుదు కింద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, నిండిపోయిన మూత్రాశయం, కఫం బయటికి నెట్టలేని ఛాతీ... వాటి గురించి ఎవరూ అడగరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిన లెక్క ప్రకారం వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో కోటిన్నర మందికి పైనే. ఎక్కువ భాగం రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుంచి పడటం, హింస వల్ల వచ్చినవే. మనలో చాలామందికి ఇలాంటి మనిషి ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. అందుకే ఈ కథంతా చెబుతున్నా.

ఎముక వేరు, వెన్నుపాము వేరు

ముందుగా ఒక గందరగోళం తీర్చేద్దాం. వెన్నెముక అంటే పూసల వరస. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5, వాటి కింద ఒకదానికొకటి అతుక్కుపోయినవి. ఈ పూసల మధ్యలో ఉన్న గొట్టంలాంటి దారిలో సాగేదే వెన్నుపాము. చిటికెన వేలంత లావు, దాదాపు 45 సెంటీమీటర్ల పొడవు. అంతే. మెదడు ఆజ్ఞలన్నీ కిందికి, ఒంటి కబుర్లన్నీ పైకి వెళ్లేది దీని గుండానే.

ఇంకో విషయం తెలిస్తే ఆశ్చర్యపోతారు. వెన్నుపాము నడుము చివరిదాకా ఉండదు. నడుము పూసల్లో మొదటిది, రెండోది దాటేలోపే ఆగిపోతుంది. అక్కడి నుంచి కింద ఉన్నది నరాల కుచ్చు. చూడ్డానికి గుర్రం తోకలా ఉంటుందని వైద్యులు దానికి 'కౌడా ఈక్వైనా' అని పేరు పెట్టారు. లాటిన్‌లో అర్థం అదే.

పూస విరిగినా వెన్నుపాము బాగానే ఉండొచ్చు. అలాంటివాళ్లు బెల్టు పెట్టుకుని, రెస్టు తీసుకుని లేచి తిరిగేస్తారు. పూస పెద్దగా విరక్కుండానే వెన్నుపాము నలిగిపోవచ్చు కూడా. చాలా కేసుల్లో అది కత్తితో కోసినట్టు రెండు ముక్కలవదు. ఎముక ముక్కో, డిస్కో నొక్కేసి నలుగుతుంది. ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో వాపు వస్తుంది, రక్తం అందదు, నష్టం ఇంకాస్త పాకుతుంది.

"రాడ్లు, స్క్రూలు వేశారు కదా, ఇంకా ఎందుకు లేవట్లేదు?" అని మా బంధువులు నెలల తరబడి అడిగారు. ఆపరేషన్ చేసే పని రెండే. కదిలిపోతున్న ఎముకని నిలబెట్టడం, వెన్నుపాము మీద పడుతున్న ఒత్తిడి తీసేయడం. తెగిన కరెంటు తీగని అతికించినట్టు నలిగిన వెన్నుపాముని అతికించే ఆపరేషన్ ఇప్పటిదాకా లేదు. ఈ మాట ఆపరేషన్‌కి ముందే ఇంట్లోవాళ్లకి అర్థమయ్యేలా చెబితే సగం గుండెకోత తగ్గుతుంది.

మా వార్డులో ఐదు మంచాలు

పుస్తకం కంటే నాకు ఈ పాఠం బాగా నేర్పింది రీహాబ్ వార్డు. నేను అక్కడ మూడు నెలలున్నాను. ఒకే జబ్బు పేరుతో ఐదుగురం ఉన్నాం. ఒకరికి వచ్చింది ఇంకొకరికి లేదు.

ఈ లెక్క తేలిగ్గా ఉంటుంది. దెబ్బ ఎంత పైన తగిలితే అంత ఎక్కువ పోతుంది. మెడ పూసల్ని 'సి' అంటారు, ఛాతీవి 'టి', నడుమువి 'ఎల్', దాని కిందవి 'ఎస్'. సి3, సి4, సి5 నుంచి వచ్చే నరమే ఊపిరి పీల్చే డయాఫ్రమ్‌ని నడిపిస్తుంది. దానికంటే పైన పూర్తిగా దెబ్బ తగిలితే వెంటిలేటర్ లేకుండా ఊపిరి ఆడదు. సి5 ఉంటే మోచేయి మడవొచ్చు. సి6 ఉంటే మణికట్టు పైకెత్తొచ్చు. సి7 ఉంటే మోచేయి చాపొచ్చు. సి8, టి1 దాకా బాగుంటే వేళ్లూ పనిచేస్తాయి. మెడ దగ్గర తగిలి చేతులు, కాళ్లు రెండూ దెబ్బతింటే క్వాడ్రిప్లీజియా. ఛాతీ, నడుము దగ్గర తగిలి కాళ్లు పోతే పారాప్లీజియా. 2016లో వచ్చిన 'ఊపిరి' సినిమాలో నాగార్జున పాత్ర గుర్తుందా? పారాగ్లైడింగ్‌లో పడి మెడ నుంచి కిందంతా కదలదు. అది క్వాడ్రిప్లీజియా.

మొదటి మంచం మీద ఇంటర్ చదివే కుర్రాడు. ఎండాకాలం సెలవుల్లో ఊరి బావిలోకి తల కిందులుగా దూకాడు. నీళ్లు అడుగంటిన సంగతి వాడికి తెలీదు. సి5. మోచేయి మడుస్తాడు, వేళ్లు కదపలేడు. చెంచాని అరచేతికి బెల్టుతో కట్టి తినడం నేర్పించారు. మొదటిసారి ఉప్మా తనే తిన్న రోజు వార్డంతా చప్పట్లు కొట్టాం.

రెండో మంచం మీద ఛాతీ మధ్యలో, టి8 దగ్గర దెబ్బ తగిలిన తాపీ మేస్త్రి. మూడో అంతస్తు నుంచి పడ్డాడు. చేతులు ఉక్కులా ఉండేవి. ఈయన గురించి తర్వాత చెబుతా.

మూడోది నాది. రాత్రిపూట బండి మీద వస్తుంటే రోడ్డు మీద పోసిన ఇసుక. హెల్మెట్ తలని కాపాడింది. నడుం పైభాగం డివైడర్‌కి తగిలింది. టి10. ఆ నరం సరిగ్గా బొడ్డు దగ్గరి స్పర్శ చూసుకుంటుంది. అంటే బొడ్డు పైన ఒళ్లు నాది, కింద ఒళ్లు నేను చూసుకోవాల్సిన ఒళ్లు.

నాలుగో మంచం మీద గీత కార్మికుడు. మేమంతా మామా అనేవాళ్లం. మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. ఎల్1. మూడు నెలలకి కాళ్లకి స్ప్లింటులు కట్టుకుని, కర్ర పట్టుకుని అడుగులేశాడు. చూసినవాళ్లందరూ "ఇంకేముంది, బాగైపోయాడు" అన్నారు. మామ మాత్రం రోజుకి ఐదుసార్లు పైపు వేసుకునే మూత్రం తీసుకోవాలి. నడకని నడిపే నరాలు కొంత కోలుకున్నాయి. మూత్రం, మలం చూసే నరాలు ఎస్2 నుంచి ఎస్4 దాకా, అంటే అన్నిటికంటే కింద ఉంటాయి. అవి కోలుకోలేదు.

ఐదో మంచం మీద ఓ పెద్దాయన. మెట్ల మీద బోర్లా పడి గడ్డం కొట్టుకుంది, మెడ వెనక్కి విరిగినట్టు వంగింది. ఆయన చక్కగా నడుస్తాడు, చొక్కా గుండీ మాత్రం పెట్టుకోలేడు. దీన్ని సెంట్రల్ కార్డ్ సిండ్రోమ్ అంటారు. వెన్నుపాము మధ్యభాగం నలిగితే కాళ్ల కంటే చేతులే ఎక్కువ దెబ్బతింటాయి. వయసు పైబడినవాళ్లలో తరచూ కనిపించే రకం ఇదే.

ఇలాంటి చిత్రమైన రకాలు ఇంకా ఉన్నాయి. కత్తిపోటులాంటి వాటితో వెన్నుపాము ఒక పక్కే తెగితే, దెబ్బ తగిలిన వైపు కదలిక పోతుంది, రెండో వైపు నొప్పి, వేడి, చలి తెలియవు. దీన్ని బ్రౌన్-సెకార్డ్ సిండ్రోమ్ అంటారు.

దెబ్బ తగలకుండా కూడా వెన్నుపాము దెబ్బతింటుంది. కొన్నాళ్లు మా పక్క వార్డులో ఓ డిగ్రీ అమ్మాయి ఉండేది. నెలల తరబడి వెన్నునొప్పి, సాయంత్రమయ్యేసరికి జ్వరం, బరువు తగ్గడం. ఆ తర్వాత కాళ్లు పట్టు తప్పాయి. అది వెన్నుపూసకి పట్టిన టీబీ. కణితులు, ఇన్ఫెక్షన్లు, వెన్నుపాము వాపు కూడా ఇలాగే చేస్తాయి. ఆ అమ్మాయి మందులతో కోలుకుని తన కాళ్ల మీదే ఇంటికెళ్లింది. ఎడతెగని వెన్నునొప్పితో పాటు జ్వరం ఉంటే నడుం పట్టేసిందని తైలం రాసుకుంటూ కూర్చోకూడదు. అలాగే డిస్కు జారినవాళ్లకి హఠాత్తుగా మూత్రం ఆగిపోయినా, సైకిల్ సీటు మీద కూర్చుంటే తగిలే భాగమంతా మొద్దుబారినా అది ఎమర్జెన్సీ. మర్నాటిదాకా ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

కంప్లీటా, ఇన్‌కంప్లీటా?

డాక్టర్లు ఎంఆర్ఐ చూసి మాత్రమే తేల్చరు. ఒళ్లంతా పిన్నుతో, దూదితో తాకి చూస్తారు. ఒక్కో కండరానికి 0 నుంచి 5 దాకా మార్కులేస్తారు. చివర్లో మలద్వారం దగ్గర స్పర్శ ఉందా, బిగించగలుగుతున్నాడా అని చూస్తారు. చాలామంది ఇబ్బందిపడతారు గానీ, అసలు పరీక్ష అదే. వెన్నుపాములో అట్టడుగు భాగం దాకా కబురు వెళ్తోందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

దీన్నిబట్టి 'ఎ' నుంచి 'ఇ' దాకా గ్రేడు ఇస్తారు. 'ఎ' అంటే కంప్లీట్. ఆ చివరి భాగంలో స్పర్శ లేదు, కదలిక లేదు. 'బి' అంటే స్పర్శ ఉంది, కదలిక లేదు. 'సి' అంటే కదలిక ఉంది కానీ సగానికి పైగా కండరాలు బరువు ఎత్తలేనంత బలహీనం. 'డి' అంటే కనీసం సగం కండరాలు బరువు ఎత్తగలవు. 'ఇ' అంటే పరీక్షలో అన్నీ మామూలే. 'ఎ'తో మొదలైనవాళ్లకి నడక తిరిగి రావడం అరుదు. 'సి', 'డి' వాళ్లకి అవకాశం చాలా ఎక్కువ. నాది 'ఎ'.

ఈ గ్రేడు మొదటి రోజే తేల్చి చెప్పలేరు. దెబ్బ తగిలిన తొలి రోజుల్లో, ఒక్కోసారి వారాల దాకా వెన్నుపాము మూగబోతుంది. రిఫ్లెక్సులు కూడా ఉండవు. దీన్ని స్పైనల్ షాక్ అంటారు. అది తగ్గాక కాళ్లు వాటంతటవే ఎగిరెగిరిపడతాయి. నా కాలు మొదటిసారి అలా ఎగిరినప్పుడు మా అమ్మ ఏడుస్తూ వెళ్లి ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టొచ్చింది. అది నేను కదిపిన కాలు కాదు. మెదడు అదుపు తప్పిన వెన్నుపాము తనంతట తాను ఇచ్చిన కుదుపు. స్పాస్టిసిటీ అంటారు. అమ్మకి ఆ సంగతి చెప్పడానికి ఫిజియోథెరపిస్టు మేడమ్‌కి అరగంట పట్టింది. "కాయ కొట్టడం మానొద్దమ్మా, ఎక్సర్‌సైజులూ మానొద్దు" అందామె. కోలుకోవడం అనేది ఉంటే చాలావరకు తొలి ఆరు నెలల్లో, ఏడాదిలో కనిపిస్తుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది.

కంటికి కనిపించని సగం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

మూత్రం: నిండిన కబురు మెదడుకి అందదు. నిండిపోయిన మూత్రాశయం నుంచి మూత్రం వెనక్కి, కిడ్నీల వైపు తన్నే ప్రమాదం ఉంది. అందుకే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నటి పైపు వేసి ఖాళీ చేసి, పైపు తీసేస్తాం. సీఐసీ అంటారు. 1972లో అమెరికాలో డాక్టర్ జాక్ లాపిడెస్ ఈ పద్ధతిని జనంలోకి తెచ్చాడు. శుభ్రమైన చేతులు చాలు, ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదని ఆయన చూపించాడు. నా ఫోన్‌లో రోజుకి ఐదు అలారాలు ఇందుకే మోగుతాయి. సినిమాకి వెళ్లినా, ఇంటర్వ్యూకి వెళ్లినా బ్యాగులో పైపు ఉండాల్సిందే.

మలం: రోజూ, లేదా రోజు విడిచి రోజు ఒకే టైముకి, తిన్న తర్వాత కూర్చోవాలి. కొందరికి మందు బిళ్ల పెట్టాలి, కొందరికి గ్లౌజు వేసుకుని వేలితో తీయాలి. చదవడానికి ఇబ్బందిగా ఉందా? దీని గురించి సిగ్గుపడి ఎవరూ చెప్పకపోవడం వల్ల డిగ్రీలు మానేసి ఇంట్లోనే ఉండిపోయినవాళ్లని చూశాను. టైము కుదిరితే మనిషి బయటికి వస్తాడు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

చర్మం: మీరు ఈ వ్యాసం చదువుతూనే రెండుమూడు సార్లు కదిలి కూర్చుని ఉంటారు. తిమ్మిరి, నొప్పి మిమ్మల్ని కదిలిస్తాయి. మాకు ఆ కబురు రాదు. ఎముక ఉన్నచోట చర్మం నొక్కుకుపోయి, రక్తం అందక చచ్చిపోతుంది. పైకి చిన్న ఎరుపు, లోపల ఎముక దాకా పుండు. అందుకే మంచం మీద రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. వీల్‌చైర్‌లో పావుగంట, అరగంటకోసారి చేతుల మీద లేచి బరువు తీయాలి. రాత్రి పడుకునే ముందు అద్దంలో పిరుదులు, మడమలు చూసుకోవాలి.

బీపీ: టి6కి పైన దెబ్బ తగిలినవాళ్లకి ఇంకో గండం ఉంది. ఓ రాత్రి బావిలో దూకిన మా కుర్రాడికి తల పగిలిపోయేంత నొప్పి. మొహం ఎర్రబడింది, నుదుటి మీద చెమటలు. బీపీ ఆకాశంలో ఉంది. నర్సు మాత్ర కోసం పరిగెత్తలేదు. ముందు వాణ్ణి లేపి కూర్చోబెట్టింది, నడుం బెల్టు వదులు చేసింది, దుప్పటి తీసి చూసింది. మూత్రం పైపు తొడ కింద మడత పడింది! సరిచేసిన కాసేపటికే తలనొప్పి దిగిపోయింది. దీన్ని ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. నిండిన మూత్రాశయం, మలబద్ధకం, పుండు, ఆఖరికి బిగుతైన బూటు కూడా దీన్ని రేపొచ్చు. పట్టించుకోకపోతే మెదడులో రక్తస్రావం దాకా వెళ్తుంది. కారణం వెతికి తీసేయడమే మొదటి వైద్యం. అప్పటికీ బీపీ దిగకపోతే వెంటనే ఆస్పత్రికి.

ఎండ: దెబ్బ తగిలినచోటి కింద చెమట సరిగా పట్టదు. మెడ దెబ్బ ఉన్నవాళ్లకి మే నెల ఎండలో ఒళ్లు చల్లబడే దారే ఉండదు. తడిగుడ్డ, నీళ్ల స్ప్రే, ఫ్యాను వాళ్లకి మందులతో సమానం.

నొప్పి: స్పర్శ లేనిచోట నొప్పేంటి అంటారు. ఉంటుంది. నా అరికాళ్లు రాత్రిపూట మంటల్లో పెట్టినట్టుంటాయి. తెగిన తీగలో మిణుగురుల్లాంటి తప్పుడు కబుర్లు అవి. దానికి మందులున్నాయి, "నీ భ్రమ" అని కొట్టిపారేయకండి.

సూపర్‌మ్యాన్‌ని పడేసింది ఏంటి?

సూపర్‌మ్యాన్‌గా నటించిన క్రిస్టఫర్ రీవ్ 1995 మే 27న గుర్రం మీంచి పడ్డాడు. మెడలో మొట్టమొదటి రెండు పూసలు విరిగాయి. వెంటిలేటర్ మీద ఆధారపడుతూనే సినిమా తీశాడు, పరిశోధనల కోసం నిధులు సేకరించాడు. 2004 అక్టోబర్‌లో చనిపోయాడు. అంతకుముందు ఆయన ఒత్తిడి పుండు ఇన్ఫెక్షన్‌కి చికిత్స తీసుకుంటున్నాడు. చుట్టూ నర్సులు, డబ్బు, పేరు అన్నీ ఉన్న మనిషినే పుండు వదల్లేదు.

మా మేస్త్రిని వదులుతుందా? ఇంటికి పంపేటప్పుడు ఆయన చేతిలో ఎక్సర్‌సైజుల కాగితం ఉంది. ఇంట్లో మాత్రం వీల్‌చైర్ గుమ్మం దాటదు. ప్లాస్టిక్ కుర్చీలో పొద్దంతా కూర్చునేవాడు. "కాళ్లలో కొంచెం జివ్వుమంటోంది తమ్ముడూ, నడుస్తా" అని ఫోన్ చేసేవాడు. ఊళ్లోవాళ్లు కూడా కాళ్ల సంగతే అడిగేవాళ్లు, నాటు తైలాలు తెచ్చిచ్చేవాళ్లు. మూడో ఏడు పుండు విషమించి రక్తంలోకి పాకింది. వారంలో పోయాడు. ఆయన్ని తీసుకెళ్లింది టి8 కాదు. ఒక మంచి కుషను, రోజూ రాత్రి ఒక అద్దం ఉంటే ఇప్పటికీ ఫోన్ చేస్తుండేవాడు.

ఈ పాఠం కొత్తదేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను దెబ్బతిన్న సైనికుల్లో అత్యధికులు పుండ్లతో, మూత్రం ఇన్ఫెక్షన్లతో చనిపోయారు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టర్ వీళ్ల కోసం ప్రత్యేక వార్డు తెరిచాడు. నాజీల నుంచి తప్పించుకొచ్చిన యూదు వైద్యుడాయన. రాత్రీపగలూ రెండు గంటలకోసారి ఒత్తిగిలించమన్నాడు, మూత్రం సంగతి చూడమన్నాడు, తర్వాత ఆటలాడించాడు. 1948 జులై 29న లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. అదే పెరిగి పెరిగి పారాలింపిక్స్ అయింది. అంటే ఆ పతకాల వెనక ఉన్నది ముందు శుభ్రమైన చర్మం, ఖాళీ అయిన మూత్రాశయం.

మన దేశంలో చూడండి. 1965లో ఎవరెస్టు ఎక్కిన మేజర్ అహ్లువాలియాకి అదే ఏడాది యుద్ధంలో వెన్నులో తూటా దిగింది. ఆయనే తర్వాత ఢిల్లీలో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ కట్టించాడు. వెన్నుపాములో కణితి వల్ల ఛాతీ కింద చచ్చుబడ్డ దీపా మాలిక్ 2016 రియోలో షాట్‌పుట్‌లో వెండి పతకం తెచ్చింది. 2012లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిన్న అవనీ లేఖరా టోక్యోలోనూ, 2024 పారిస్‌లోనూ షూటింగ్‌లో బంగారం గెలిచింది. వాళ్లలో ఎవరూ నడక కోసం ఆగలేదు.

పెళ్లి, పిల్లలు?

మీరు అడగలేనిది నేనే చెప్పేస్తా. దెబ్బ తగిలినంత మాత్రాన కోరికా పోదు, ప్రేమా పోదు. మగవాళ్లలో అంగస్తంభన, వీర్యం బయటికి రావడం దెబ్బ ఎక్కడ, ఎంత అన్నదాన్ని బట్టి మారతాయి. మందులు, వైబ్రేటర్ లాంటి పద్ధతులు, అవసరమైతే ఐవీఎఫ్‌తో తండ్రులైనవాళ్లు ఉన్నారు. ఆడవాళ్లకి నెలసరి కొన్ని నెలలు ఆగినా మళ్లీ మొదలవుతుంది, గర్భం మామూలుగానే వస్తుంది. కాన్పు మాత్రం ఈ దెబ్బ గురించి తెలిసిన డాక్టర్ల దగ్గర జరగాలి. ఈ ప్రశ్న అడిగితే "ఇప్పుడివన్నీ ఎందుకు?" అనే డాక్టర్ దొరికితే, ఇంకో డాక్టర్‌ని వెతకండి.

ఆశ అమ్మే దుకాణాలు

"స్టెమ్‌సెల్ ఇంజెక్షన్‌తో నడక గ్యారంటీ" అని నా ఫోన్‌కి ఇప్పటికీ యాడ్స్ వస్తాయి. పొలం అమ్మి ఆ ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్లు నాకు తెలుసు. 2017లో ఐసీఎంఆర్ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. కొన్ని రక్త సంబంధ జబ్బులకి తప్ప స్టెమ్‌సెల్స్‌ని చికిత్స పేరుతో అమ్మకూడదు, అనుమతి ఉన్న ట్రయల్‌లో మాత్రమే వాడాలి. నిజమైన ట్రయల్‌లో రోగి దగ్గర డబ్బు తీసుకోరు. బిల్లు చేతికొచ్చిందంటే అది ట్రయల్ కాదు, వ్యాపారం.

పరిశోధన జరగట్లేదని కాదు. 2023లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు గెర్ట్-యాన్ ఓస్కామ్ అనే నెదర్లాండ్స్ యువకుడి మెదడుకి, వెన్నుపాముకి మధ్య వైర్‌లెస్ వంతెన వేశారు. ఆయన ఊతకర్రలతో నడిచాడు, మెట్లెక్కాడు. ఆయనది ఇన్‌కంప్లీట్ దెబ్బ, పైగా ఏళ్ల సాధన ఉంది. నేనూ ఆ వార్తలన్నీ సేవ్ చేసుకుంటాను. అది మా ఊరికి వచ్చే రోజుకి నా కిడ్నీలు, చర్మం, కీళ్లు బాగుండాలి కదా! పైపు టైముకి వేసుకోవడం కూడా ఆ ఆశలో భాగమే.

మీ కళ్ల ముందు ఎవరైనా పడితే...

దెబ్బ తగిలిన తొలి గంట చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లో ఉంటుంది. ఒకరు చంకలు, ఒకరు కాళ్లు పట్టుకుని ఎత్తి, ఆటోలో మడిచి కూర్చోబెడతారు. మంచి మనసుతోనే చేస్తారు. విరిగిన పూస అప్పుడే వెన్నుపాములోకి గుచ్చుకోవచ్చు.

• మెడ నొప్పి, కాళ్లు తెలియడం లేదు అంటే కదపొద్దు. 108కి ఫోన్ చేయండి.
• తల, మెడ అటూ ఇటూ తిరగకుండా రెండు చేతులతో పట్టుకోండి. లేపి నీళ్లు తాగించొద్దు.
• ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగేయొద్దు.
• మంట, ట్రాఫిక్ లాంటి ప్రమాదం ఉండి కదపక తప్పకపోతే ముగ్గురు నలుగురు కలిసి తల, వీపు, నడుం ఒకే గీతలో ఉండేలా దుంగలా పక్కకి తిప్పి, గట్టి చెక్క మీదికి చేర్చండి.
• కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం వద్దు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తోంది.

ఇక పడకుండా చూసుకునే దారులూ ఉన్నాయి. లోతు తెలియని నీళ్లలోకి తలకిందులుగా దూకొద్దు. బండి మీద కూర్చున్నప్పుడు చున్నీ, చీర కొంగు చక్రంలో పడకుండా కట్టుకోండి. కారులో వెనక సీట్లోనూ బెల్టు పెట్టుకోండి. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో గీత కార్మికుల కోసం 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు మొదలుపెట్టింది. మీ ఊళ్లో చెట్టెక్కేవాళ్లు ఎవరైనా ఉంటే అది వాడుతున్నారో లేదో కనుక్కోండి.

మీ ఇంట్లోనే జరిగితే?

డాక్టర్‌ని ఈ ఐదూ అడగండి. లెవెల్ ఎంత? కంప్లీటా, ఇన్‌కంప్లీటా? మూత్రానికి ఏం చేయాలి, మాకెవరు నేర్పుతారు? పుండ్లు పడకుండా ఏ పరుపు, ఏ కుషను? రీహాబ్ ఎప్పుడు, ఎక్కడ? ఇంటికి తెచ్చే ముందు గుమ్మం, బాత్‌రూమ్ తలుపు కొలవండి. వీల్‌చైర్ మనిషి కొలతకి తీసుకోండి, వరండాలో మిగిలిపోయిన పాతది వద్దు.

కాగితాల పని వాయిదా వేయొద్దు. ముందు యూడీఐడీ కార్డు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల ఉన్నత చదువుల్లో 5 శాతం రిజర్వేషన్ ఉంది. తెలంగాణలో వికలాంగుల పింఛన్‌ని 2023లో 4,016 రూపాయలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 చేశారు, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి 15,000.

బావిలో దూకిన మా కుర్రాడు ఇప్పుడు ఫోన్‌లో మాటతో టైప్ చేస్తూ డిగ్రీ చదువుతున్నాడు. వాళ్లమ్మ రాత్రి రెండు గంటలకోసారి లేచేది. ఇప్పుడు మంచి పరుపు వచ్చింది, మధ్యలో ఒక్కసారి లేస్తే సరిపోతోందట, అదీ డాక్టర్ చూసి చెప్పాకే. మొన్న వీడియో కాల్ చేసి వాడు చెప్పిన మొదటి మాట ఇది:

"అన్నా, మూడేళ్లయింది. ఒక్క పుండు లేదు."

మా వాళ్ల భాషలో అది ఫస్ట్ క్లాస్‌లో పాసవడం కంటే గొప్ప కబురు. అలాంటి కబురు చెప్పే మనిషి మీకెవరైనా ఎదురైతే, కాస్త గట్టిగానే చప్పట్లు కొట్టండి.